మాస్టారింట్లో డ్రాపవుట్!

2024 అక్టోబరు. దసరా సెలవులు అయిపోయాయి. ఉదయం ఏడున్నరకల్లా పాతపట్నం వీధుల్లో స్కూలు ఆటోల హారన్లు మొదలయ్యాయి. ఆ పెంకుటింటి ముందు కూడా ఆటో వచ్చి ఆగింది. గుమ్మంలోకి అమ్మ ఒక్కతే వచ్చింది.

‘బాబు రాడు’ అంది.

‘జ్వరమా అమ్మా?’ అడిగాడు ఆటో అతను.

‘కాదు. ఇంక రాడు.’

ఆటో వెళ్లిపోయింది. లోపల్నుంచి నానమ్మ గొంతు... ‘ఏటే అమ్మా, గుంటడ్ని మద్దిలో బడి మానిపించీసినారా? నలుగురూ ఏటనుకుంతారు?’

నలుగురి సంగతి తర్వాత. ఆ ఇంట్లోనే ఒక మనిషి ఆ రోజు కాఫీ తాగలేదు. పేపరు తెరవలేదు. వాలుకుర్చీలో కూర్చుని వీధిలోకి చూస్తూ ఉండిపోయారు. ఆయన పిల్లాడి తాతయ్య. రిటైరైన మాస్టారు. ఊళ్లో ఇప్పటికీ ఆయన్ని ఆ పేరుతోనే పిలుస్తారు.

సర్వీసంతా ఆయన చేసిన పని ఒక్కటే... పిల్లల్ని బడికి తేవడం. సవర గూడేలకు నడిచి వెళ్లేవారు. మేకలు కాసే పిల్లల్ని, తమ్ముణ్ని ఎత్తుకు తిరిగే ఆడపిల్లల్ని బతిమాలి తెచ్చి పలక చేతికిచ్చేవారు. బడిలో లేని ప్రతి బిడ్డా బాలకార్మికుడే అన్నది ఎం.వి.ఫౌండేషన్‌ నమ్మిన సూత్రం. దాన్ని నడిపిన శాంతా సిన్హాకు 2003లో రామన్‌ మెగసెసే పురస్కారం వచ్చింది. మాస్టారు ఆ మాటను వేదవాక్కులా చెబుతుండేవారు. అలాంటాయన ఇంట్లోనే ఓ డ్రాపవుట్‌! అదీ నాలుగో తరగతిలో... ఏడాది మధ్యలో.

ఆదివారం రాని నొప్పి

ఆ నిర్ణయం ఒక్క రోజులో తీసుకున్నది కాదు. జులై నుంచే పిల్లాడికి పొద్దున్నే కడుపునొప్పి. వాము తినిపించారు. దిష్టి తీశారు. టెక్కలి తీసుకెళ్లి స్కానింగ్‌ తీయించారు. రిపోర్టులో ఏమీ లేదు. డాక్టరు ఒక్క ప్రశ్న వేశారు.

‘ఆదివారం కూడా వస్తుందా?’

అమ్మ, నాన్న మొహాలు చూసుకున్నారు. రాదు. పండక్కీ రాదు.

చదువుతున్నది ఇంగ్లిష్‌ మీడియం ప్రైవేటు బడి. రోజూ స్లిప్‌టెస్టు. వచ్చిన మార్కుల్ని బట్టి బెంచీ. పిల్లాడిది ఆఖరి బెంచీ. మొదట్లో మార్కుల గురించి చెప్పడం మానేశాడు. తర్వాత బడి గురించి. ఆ తర్వాత దేని గురించీ చెప్పడం మానేశాడు. ‘ఆకాశం నీలంగా ఎందుకుంది, చీమకు గుండె ఉంటుందా’ అని ప్రాణం తీసిన గుంటడు మూడు నెలల్లో ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. అమ్మను భయపెట్టింది కడుపునొప్పి కాదు, ఆ మౌనం.

వేరే బడిలో వేద్దామంటే సగం ఏడాది గడిచిపోయింది. ఫీజు కట్టేశారు. ‘జూన్‌ దాకా ఇంట్లో నేనే చెబుతా’ అంది అమ్మ. ఆవిడ బీఎస్సీ. పెళ్లయ్యాక పుస్తకం పట్టింది లేదు. నాన్నది ఎరువుల కొట్టు. ఆయన రెండు రోజులు ఆలోచించి సరేనన్నాడు. మాస్టారు మాత్రం ఔననలేదు, కాదనలేదు. ఆ రోజు నుంచీ కోడలితో మాట తగ్గించారు.

ఇంట్లో కూడా బడేనా?

మొదటి సోమవారం ముందు గదిలో బల్ల వేశారు. గోడకు టైంటేబులు అంటించారు. తొమ్మిదింటికి లెక్కలు, పదింటికి ఇంగ్లిష్‌, పదకొండింటికి ఈవీఎస్‌... మధ్యలో పది నిమిషాలు ఇంటర్వెల్‌. అమ్మ ఒక బెత్తం తప్ప అన్నీ సిద్ధం చేసింది.

నాలుగో రోజుకే కడుపునొప్పి మళ్లీ వచ్చింది.

‘ఇంట్లో కూడా బడేనా అమ్మా?’ అన్నాడు పిల్లాడు. ఆ రాత్రి ఆవిడ వంటగదిలో కూర్చుని ఏడ్చింది. బడిని తిట్టి పిల్లాణ్ని తీసుకొచ్చి, తీరా చేస్తే అదే బడిని ఇంట్లో పెట్టింది!

ఏడాది మధ్యలో ఇంటి చదువు మొదలుపెట్టేవాళ్లలో చాలామంది చేసే పొరపాటే ఇది. ‘సిలబస్‌ వెనకబడిపోతుంది’ అన్న కంగారు తరుముతుంది. అమెరికాలో జాన్‌ హోల్ట్‌ అనే టీచరు 1964లో పిల్లలు ఎందుకు ఫెయిలవుతారో ఓ పుస్తకం రాశాడు. బడిలో పిల్లలు నేర్చుకునేదానికన్నా భయపడేదే ఎక్కువన్నది అందులో ఆయన చెప్పిన సంగతి. తర్వాత 1977లో ఇంటి చదువుల కోసమే ఓ పత్రిక మొదలెట్టాడు. బడి మానిన పిల్లల్ని వెంటనే పుస్తకాల ముందు కూర్చోబెట్టొద్దనీ, బడిలో గడిపిన ఒక్కో ఏడాదికి ఒక నెల చొప్పున తేరుకోనివ్వాలనీ ఇంటి చదువుల వాళ్లు ఓ లెక్క చెబుతారు. అది శాస్త్రం కాదు, అనుభవం.

అమ్మ టైంటేబులు చింపేసింది. పిల్లాడు రెండు వారాలు ఏమీ చదవలేదు. నాన్నతో కొట్టుకెళ్లి కూర్చున్నాడు. ఓ రోజు అక్కడ బస్తాల మీద అంకెలు చదువుతూ అడిగాడు.

‘నాన్నా, డీఏపీ బస్తా 50 కిలోలు. యూరియా 45 ఏంటి?’

మూడు నెలల తర్వాత వాడు అడిగిన మొదటి ప్రశ్న అది! అంతకుముందు యూరియా కూడా 50 కిలోలే వచ్చేదనీ, 2018లో 45కు తగ్గించారనీ, రైతు కిలోల లెక్కన కాకుండా బస్తాల లెక్కన చల్లుతాడు కాబట్టి బస్తా చిన్నదైతే వాడకం తగ్గుతుందని అలా చేశారనీ నాన్న చెప్పాడు. ‘అయితే పది బస్తాలకు ఎంత తగ్గినట్టు?’ అన్నాడు నాన్న. ‘ఒక బస్తా పైన’ అన్నాడు వాడు, పలక లేకుండానే.

ఆ పూట భోజనాల దగ్గర నాన్న ఈ సంగతి చెబుతుంటే మాస్టారు తలెత్తి చూశారు. ఏమీ అనలేదు.

చిన్న రైలు లెక్క

సంక్రాంతికి ముందు ఓ సాయంత్రం. మాస్టారు కండువా భుజాన వేసుకుని ‘రారా’ అన్నారు మనవణ్ని. ఇద్దరూ పాతపట్నం స్టేషన్‌కు నడిచారు. ఎదురుగా బ్రాడ్‌గేజి పట్టాలు.

‘నా చిన్నప్పుడు ఇక్కడ చిన్న రైలు నడిచేదిరా. నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో పర్లాకిమిడి రాజావారు వేయించిన లైను. తర్వాత గుణుపురం దాకా పొడిగించారు. పట్టాల మధ్య వెడల్పు 762 మిల్లీమీటర్లు. 2004లో ఆపేసి, పెద్ద లైను వేశారు. దీని వెడల్పు 1,676. ఎంత పెరిగింది?’

వాడు వేళ్లు మడిచాడు. ‘914.’

‘అంటే ఎన్ని అడుగులు?’

కొలవాలి కదా! మర్నాడు ఇంట్లో టేపు తీశారు. పెరట్లో సుద్దముక్కతో రెండు లైన్లూ గీశారు. చిన్నది రెండున్నర అడుగులు, పెద్దది అయిదున్నర. తేడా మూడడుగులు. ఆ చిన్న పట్టాల మధ్య పిల్లాడు పడుకుని చూసుకున్నాడు. సరిపోయాడు!

ఇంకోసారి నది దగ్గరికి. పాతపట్నం పక్కనుంచి పారే మహేంద్రతనయ గొట్టా బ్యారేజీకి పైన వంశధారలో కలుస్తుంది. ‘అయితే బారువ దగ్గర సముద్రంలో కలిసే మహేంద్రతనయ ఏంటి?’ అని మాస్టారే అడిగారు. రెండూ మహేంద్రగిరి కొండల్లో పుట్టినవే. పేరు ఒకటే, దారులు వేరు. ఒకటి వంశధారతో కలిసి కళింగపట్నం దగ్గర సముద్రానికి చేరుతుంది. రెండోది తనంతట తానే వెళ్తుంది. ఇంటికొచ్చి పిల్లాడు మ్యాపు గీశాడు. కింద ఒకటిన్నర పేజీ రాశాడు. బోలెడు అక్షరదోషాలు. మాస్టారు ఎర్రపెన్ను తీశారు... మళ్లీ జేబులో పెట్టేసుకున్నారు.

ఏటి అవతలే పర్లాకిమిడి. అక్కడి రాజావారి బడిలోనే గిడుగు రామమూర్తి 1880లో మాస్టారుగా చేరారు. కాలేజీకి వెళ్లి చదివే వీల్లేక, ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా బీఏ పూర్తిచేశారు. ఓ సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. సవర పిల్లలకు వాళ్ల భాషలోనే పుస్తకాలు రాసి, సొంత ఖర్చుతో చదువు చెప్పించారు. మాస్టారు ఈ కథ క్లాసులో ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. మనవడికి చెబుతున్నప్పుడు మాత్రం మధ్యలో ఆగిపోయారు. బడిని గూడేనికి తెచ్చిన ఆ మనిషి చదువుకున్నది ఎక్కడ? ఇంట్లోనే కదా!

ఆ రాత్రి కోడల్ని పిలిచి ‘భిన్నాలు నేను చెబుతానమ్మా’ అన్నారు. మూడు నెలల్లో ఆవిడతో అన్న అతి పెద్ద మాట అదే.

చట్టం ఏమంటోంది?

ఆ తర్వాత మాస్టారు చేసిన మొదటి పని... విద్యాహక్కు చట్టం ప్రతి తెప్పించి చదవడం. 2009లో వచ్చి, 2010 ఏప్రిల్‌ 1 నుంచి అమల్లో ఉన్న చట్టమిది. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లల్ని దగ్గర్లోని బడిలో చేర్పించడం తల్లిదండ్రుల బాధ్యత అంటుంది. ఇంటి చదువు గురించి పేరుపెట్టి ప్రస్తావించదు. చేర్పించని తల్లిదండ్రులకు శిక్షా చెప్పదు. అయితే ఇంటి చదువు వాళ్లకు ధైర్యాన్నిచ్చే మాటలు అందులో ఉన్నాయి. మధ్యలో ఆగిన పిల్లల్ని వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకోవాలి. టీసీ ఆలస్యమైందని సర్కారు బడి చేర్చుకోకుండా ఉండకూడదు. ఏడాది మధ్యలో వచ్చినా కాదనకూడదు. కొట్టడం, మానసికంగా వేధించడం నిషేధం.

బడితో పని లేకుండా చదివేవాళ్లకు జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ ఉంది. మూడు, అయిదు, ఎనిమిది తరగతులకు సమానమైన స్థాయులున్నాయి. పద్నాలుగేళ్లు నిండితే పదో తరగతి రాయొచ్చు. రాష్ట్రంలో సార్వత్రిక విద్యాపీఠం కూడా పది, ఇంటర్‌ పరీక్షలు పెడుతోంది.

నష్టాలూ చూసుకోవాలి. 2025 జూన్‌లో మొదలైన ‘తల్లికి వందనం’ డబ్బు బడిలో 75 శాతం హాజరున్న పిల్లలకే. మధ్యాహ్న భోజనం బడిలోనే. ఆ డబ్బూ ఆ అన్నమూ అవసరమైన ఇళ్లకు ఈ దారి కుదరదు. పగలంతా ఇంట్లో ఉండి చెప్పే మనిషి కావాలి. ఆ మనిషి ఎక్కువగా అమ్మే అవుతుంది, ఆవిడ పనీ విశ్రాంతీ రెండూ పోతాయి. ఇంట్లో చదివి ఎనిమిదేళ్లకే పదో తరగతి స్థాయి పరీక్ష పాసైన హైదరాబాద్‌ టేబుల్‌ టెన్నిస్‌ క్రీడాకారిణి నైనా జైస్వాల్‌ కథను చుట్టాలు ఈ ఇంట్లోనూ గుర్తుచేశారు. ‘మాకు ఎనిమిదేళ్లకు పదో తరగతి వద్దు. తొమ్మిదేళ్ల పిల్లాడు తొమ్మిదేళ్ల వాడిలా ఉంటే చాలు’ అంది అమ్మ.

మళ్లీ జూన్‌...

ఇంటి చదువు తీర్చలేని లోటు ఒకటి ఆ పిల్లాడికీ తెలిసింది. పొద్దున పదింటికి వీధి ఖాళీ! క్రికెట్‌ ఆడటానికి సాయంత్రం దాకా ఎవరూ రారు. నానమ్మతో ఎన్ని అష్టాచెమ్మాలని ఆడతాడు! ఏప్రిల్‌లో ఓ రోజు తాతయ్య దగ్గరికొచ్చాడు. ‘తాతా, పరిగెట్టడానికి గ్రౌండున్న బడి ఉందా?’

2025 జూన్‌లో వాడు అయిదో తరగతిలో చేరాడు. సర్కారు బడి. మొదటి రోజు తీసుకెళ్లింది మాస్టారే. రిజిస్టర్లో వివరాలు రాసుకుంటున్న టీచరు ‘మధ్యలో ఎనిమిది నెలలు ఎక్కడ చదివాడండీ?’ అని అడిగారు. గూడేల్లో పిల్లల పేర్లు తన చేత్తో రాసుకున్న మనిషి ఒక్క క్షణం తడుముకోలేదు.

‘మా ఇంట్లో. నేనూ, మా కోడలూ చెప్పాం.’

ఇంటిదగ్గర అమ్మ ఖాళీగా ఉన్న ముందు గది చూసి కాసేపు నిలబడింది. పెరట్లో సుద్దగీతలు తొలి వానకే చెరిగిపోయాయి. సాయంత్రం నాలుగున్నరకు పిల్లాడు వచ్చాడు. బ్యాగు విసిరేసి, చెప్పులైనా విప్పకుండా వంటింట్లోకి పరిగెత్తాడు.

‘అమ్మా... చీమకు గుండె ఉంటుందా? మా టీచరు రేపు చెబుతానంది!’

కడుపునొప్పి గురించి ఆవిడ అడగలేదు. అడగాల్సిన అవసరం రాలేదు.