ఓరుగల్లు వీధులలో కావలివారు

వరంగల్, హన్మకొండ, కాజీపేట ఒకదానికొకటి అంటుకొని పెరిగిన ఊళ్ళు. రైలు దిగి, చౌరస్తా దాటి, ఎం.జి.ఎం. ఆసుపత్రి మీదుగా హన్మకొండ చేరేసరికి ఆ రద్దీ తెలిసిపోతుంది. రోగులను తెచ్చినవారు, ఎనుమాముల మార్కెట్టులో పత్తి అమ్ముకొని వచ్చిన రైతులు, వారి నడుమ పుస్తకాల సంచులతో మన పల్లెల ఆడపిల్లలు. 1959లో ఇంజనీరింగు, వైద్య కళాశాలలు, 1976లో కాకతీయ విశ్వవిద్యాలయం వచ్చాక ఇది చదువుల పట్టణమైంది.

2008 డిసెంబరులో ఇక్కడ ఇద్దరు ఇంజనీరింగు విద్యార్థినులపై యాసిడ్ దాడి జరిగింది. వారిలో ఒకరు కన్నుమూశారు. నిందితులు ముగ్గురూ కొద్ది రోజులకే పోలీసు కాల్పులలో మరణించారు. అయినా ఒక ప్రశ్న మిగిలింది: వెంటపడుతున్నప్పుడే ఆపే వారెవరు?

దానికొక జవాబుగా 2014 అక్టోబరు 24న హైదరాబాదులో ‘షీ టీమ్స్’ మొదలయ్యాయి. 2015లో వరంగల్‌తో సహా తెలంగాణ అంతటికీ విస్తరించాయి. ఇంగ్లాండు పట్టణాలలో వీధి వార్డెన్లు అందరికీ కనబడేలా యూనిఫారంలో తిరుగుతారు. ఇక్కడి పద్ధతి వేరు. మహిళా పోలీసులతో కూడిన చిన్న బృందం మామూలు దుస్తులలో బస్టాండులో, కళాశాల గేటు దగ్గర నిలబడుతుంది. వేధించేవాడిని వీడియో తీసి, సాక్ష్యంతో పట్టుకుంటుంది. చిన్న తప్పు చేసిన కుర్రవాడికి తల్లిదండ్రుల ఎదుటే కౌన్సెలింగ్ ఇస్తారు. నేరం పెద్దదైతే కేసు పెడతారు. ఆడపిల్ల వద్దన్నా వెంటపడడం 2013 నుండి చట్టంలో ప్రత్యేక నేరం. మొదటిసారికే మూడేళ్ళ వరకు జైలుశిక్ష పడవచ్చు. ఫిర్యాదు చేసిన అమ్మాయి పేరు బయటపెట్టరు.

ఇంత ఏర్పాటు ఉన్నా, అమ్మాయి నోరు విప్పకపోతే చాలాసార్లు ఈ కావలివారికి సంగతే తెలియదు. ఆమె ఎందుకు నోరు విప్పదు? వాడికి భయపడి మాత్రమే కాదు. “ఇంట్లో తెలిస్తే చదువు మాన్పిస్తారు, తొందరగా పెళ్ళి చేసేస్తారు” అనే భయం ఇంకా పెద్దది. తప్పు వాడిదైతే శిక్ష ఈమెకా?

తల్లిదండ్రులారా, మీ అమ్మాయిని పట్టణానికి పంపే ముందే ఈ మాట చెప్పండి: “ఎవరైనా వేధిస్తే మాతో చెప్పు. నీ చదువు ఆపము.” ఆపదలో 112కు ఫోను చేయమని నేర్పండి. మీ కొడుకులనూ కూర్చోబెట్టి, వద్దన్న అమ్మాయి వెంట పడకూడదని నేర్పండి. చౌరస్తాలో పోలీసులు కాపలా కాస్తారు. ఇంటిలో ఆ పని మనదే.