బెయిలీస్ స్కోన్లు, రెండు ట్రేలు

డబ్లిన్‌లో క్రిస్మస్ వస్తుందంటే ఇరుగుపొరుగు ఇచ్చుకునే కానుకల్లో బెయిలీస్ సీసా కూడా ఒకటి. ఐరిష్ విస్కీ, మీగడ కలిపి చేసే ఈ తియ్యటి మందు 1974లో మార్కెట్లోకి వచ్చింది. చూడ్డానికి పాలెక్కువైన కాఫీలా ఉంటుంది, వాసన చాక్లెట్‌లా ఉంటుంది. ఆల్కహాల్ మాత్రం 17 శాతం. పోయినేడు పక్కింటి పెద్దావిడ మాకొకటి ఇచ్చింది. మా ఇంట్లో తాగేవాళ్ళెవరూ లేరు. అయినా ప్రేమగా ఇచ్చింది పారబోయడానికి మనసొప్పలేదు. "స్కోన్లలో వేసి చూడు" అని ఆవిడే అంది.

స్కోన్ అంటే బన్నుకీ బిస్కెట్‌కీ మధ్యస్తంగా ఉంటుంది. వేడిగా ఉన్నప్పుడే మధ్యకి చీల్చి వెన్న, జామ్ రాసుకుని టీతో తింటారు. కొలతలు తేలికే. 300 గ్రాముల సెల్ఫ్ రైజింగ్ మైదా, ఒక చెంచా బేకింగ్ పౌడర్, చిటికెడు ఉప్పు, 50 గ్రాముల పంచదార. ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన వెన్న 75 గ్రాములు ముక్కలు చేసి, వేళ్ళ కొసలతో రవ్వలా అయ్యేదాకా పిండిలో నలపాలి. వెన్న కరగకూడదు, చల్లగా ఉంటేనే ఓవెన్‌లో గుల్లగా పొంగుతుంది. ఆ తర్వాత 60 మిల్లీలీటర్ల బెయిలీస్, 90 మిల్లీలీటర్ల పాలు కలిపి పోయాలి. ఇక్కడివాళ్ళు స్కోన్లకి మజ్జిగ కూడా వాడతారు కానీ, పులుపు తగిలితే బెయిలీస్‌లోని మీగడ విరుగుతుంది, అందుకే పాలు. చపాతీ పిండిలా మర్దించారో, రాళ్ళే. ముద్దగా దగ్గరకి చేర్చి, అంగుళం మందాన తట్టి, గ్లాసుతో తిప్పకుండా నిటారుగా నొక్కి కోయాలి. తిప్పితే అంచులు మూసుకుపోయి ఒక పక్కకి ఒరుగుతాయి. 220 డిగ్రీల్లో పన్నెండు, పదిహేను నిమిషాలు. ఎనిమిది వస్తాయి.

ఇంతవరకూ బాగానే ఉంది. మార్చిలో మా అమ్మ వచ్చింది.

మాది నెల్లూరు జిల్లా. 1992లో దూబగుంట ఆడవాళ్ళు మొదలుపెట్టిన సారా ఉద్యమం మా ఊరికీ వచ్చినప్పుడు, దుకాణం ముందు చీపురు పట్టుకుని కూర్చున్నవాళ్ళలో అమ్మ ఉంది. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. మరుసటేడు అక్టోబర్‌లో సారా నిషేధం వచ్చింది. మా నాయన మాత్రం సారా పోతే బ్రాందీకి మారాడు. 1995లో పూర్తి నిషేధం పెట్టారు, రెండేళ్ళకే ఎత్తేశారు. అమ్మ ఆ ఇరవై ఏళ్ళు ఎలా గడిపిందో ఇక్కడ రాయను. మీలో కొందరికి రాయక్కర్లేదు కూడా.

"ఓవెన్‌లో పెడితే మందంతా ఆవిరైపోతుంది, ఆమెకి చెప్పకు, తింటుంది" అని ఒక స్నేహితురాలు సలహా ఇచ్చింది. ఆవిరైపోదండీ. పావుగంట ఉడికిన వంటలో ఇంకా 40 శాతం దాకా మిగులుతుందని అమెరికా వ్యవసాయ శాఖ వేసిన పట్టికలో ఉంది. నా కొలతతో లెక్కేస్తే ఒక్కో స్కోన్‌కి అర మిల్లీలీటరు. చెంచాలో పదో వంతు. ఎక్కువ కాదు, ఒప్పుకుంటాను. కానీ అమ్మకి అది కొలత విషయం కాదు. వద్దనే హక్కు ఆమెది.

చెప్పేశాను. "అమ్మా, ఇందులో మందు పడుతుంది."

"ఏందే అది, ఏదీ చూపించు" అని సీసా మూత తీయించి వాసన చూసింది. కాసేపు ఏమీ అనలేదు. "మీ నాయన దగ్గర ఈ వాసన రాలా" అంది చివరికి. ఆ తర్వాత, "నేను తిననులే. పిండి ఇటియ్యి, నలుపుతా."

మురుకుల పిండికి వెన్న పట్టించిన చేతులు అవి. నాకు పది నిమిషాలు పట్టే పని మూడు నిమిషాల్లో అయిపోయింది. సగం పిండి పక్కకి తీసి, పాలూ ఎండుద్రాక్షా వేసి తన ట్రే తాను చేసుకుంది. రెండూ కలిసిపోకుండా తనవాటి మీద ఒక్కో ద్రాక్ష గుచ్చింది. నా ట్రే ఓవెన్‌లో పై అరలో పెడుతుంటే, "నాది పైన పెట్టు" అంది.

సాయంత్రం పక్కింటావిడని టీకి పిలిచాను. రెండు పళ్ళేలెందుకని ఆవిడ అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పాను. దూబగుంట, చీపుర్లు, అన్నీ. ఆవిడ కప్పు కింద పెట్టి, తన తల్లి కోటుకి ఎప్పుడూ ఉండే పిన్ను సంగతి చెప్పింది. 1898లో డబ్లిన్‌లో జేమ్స్ కల్లెన్ అనే ఫాదర్ మొదలుపెట్టిన పయనీర్ సంఘం, జీవితాంతం మందు ముట్టమని ఒట్టు పెట్టుకున్నవాళ్ళకి ఆ పిన్ను. "మా నాన్నకి కనబడాలనే పెట్టుకునేది" అంది ఆవిడ.

నేను తెలుగులో చెప్పాను. అమ్మ ఆవిడ వైపు చూసి, "పనిచేసిందా అడుగు" అంది.

అడిగాను. ఆవిడ తల అడ్డంగా ఊపి, ద్రాక్ష గుచ్చిన స్కోన్ ఒకటి తీసుకుంది. అమ్మ వెన్న గిన్నె ఆవిడ వైపు జరిపింది.