గోదావరి గట్టున నొక చిత్రశాల

కొన్ని నెలల క్రిందట తరగతిలో నేనొక తప్పు చేసితిని. గౌలీపురా నుండి వచ్చు బాలుడొకడు లెక్కల పుస్తకపు చివరి పుటలో మూసీపై పురానాపూల్ కమానులను చిత్రించుకొనుచుండెను. నేనా పుటను చింపి చెత్తబుట్టలో వేసితిని. వాడు ఏడ్వలేదు, మారు పలుకలేదు. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో నేర్చిన క్రమశిక్షణను చక్కగా నెరవేర్చితినని ఆనాడు నాలో నేను సంతసించితిని.

వేసవి సెలవులలో బంధువుల యింట పెండ్లికై రాజమహేంద్రవరము పోయితిని. ఒక మధ్యాహ్నము ఎండకు తాళలేక, గోదావరి గట్టుననున్న దామెర్ల రామారావు చిత్రశాలలో కాలు పెట్టితిని. నీడ కొరకు పోయినవాడను చాలసేపటివరకు వెలుపలికి రాలేకపోతిని. జడలలో పూలు తురుముకొను స్త్రీలు, నది, కొండలు, ముగియని రేఖాచిత్రములు! మన యిండ్లలోని మనుష్యులే గోడలపైనుండి నన్ను చూచుచున్నట్లు తోచెను.

ఆ చిత్రశాల చరిత్ర ఒక ఉపాధ్యాయుని చూపుతో మొదలైనది. రామారావు 1897 మార్చి 8వ తేదీన జన్మించెను. ఆ కాలమున రాజమహేంద్రవరపు ప్రభుత్వ కళాశాలకు ఆస్వాల్డ్ కూల్డ్రే అను ఆంగ్లేయుడు ప్రధానాధ్యాపకుడు. ఆయన స్వయముగా చిత్రకారుడు. బాలుని గీతలను చూచి, అవి వ్యర్థ కాలక్షేపమని త్రోసివేయక, అతనిని చేరదీసెను. శిష్యులను అజంతాకు గొనిపోయి గుహలలోని చిత్రములను చూపించెను. అజంతా ఆనాడు మన హైదరాబాదు రాజ్యములోనిదే. ఆయన ప్రోత్సాహముననే రామారావు 1916లో బొంబాయిలోని జె. జె. చిత్రకళాశాలలో చేరి, 1920లో చదువు ముగించెను.

అతడు పెద్ద నగరమున స్థిరపడలేదు. స్వస్థలమునకు తిరిగివచ్చి, మిత్రులతో గూడి చిత్రకళా సంఘమును, చిత్రకళాశాలను నెలకొల్పెను. వరదా వెంకటరత్నము, అడివి బాపిరాజు, కవికొండల వేంకటరావు మున్నగువారు ఆ మిత్రబృందమువారు. కొందరు కుంచె పట్టిరి, కొందరు కలము పట్టిరి, బాపిరాజు రెండును పట్టెను. రామారావు భార్య సత్యవాణియు, సోదరి బుచ్చికృష్ణమ్మయు చిత్రములు వ్రాసిరి. ఉద్యోగమే చదువునకు ఫలమని లోకము నమ్మిన దినములలో, వీరు రంగులను, పాటలను నమ్ముకొనిరి. 1922లో కలకత్తా ప్రదర్శనమున రామారావు రచించిన 'ఋశ్యశృంగ బంధనము' బహుమతి నొందెను. 1924లో లండను నగరమునందలి వెంబ్లీ ప్రదర్శనమున కూడ అతని చిత్రము నిలిచెను.

1925 ఫిబ్రవరి 6వ తేదీన మశూచికము అతనిని గొనిపోయెను. అప్పటికి ఇరువదియెనిమిది యేండ్లైనను నిండలేదు. నాయకుడు పోయిన పిమ్మట మిత్రులు చెదరిపోవుట లోకసహజము. వీరట్లు చేయలేదు. వెంకటరత్నము తన స్నేహితుని పాఠశాలను సాగించెను. కృతులు నాలుగు దిక్కులకు పోక ఒక్కచోట నిలిచినవి. తరువాతి కాలమున ఆ చిత్రశాల ప్రభుత్వము అధీనమునకు వచ్చెను. నేడు మనమచ్చట చూచునది ఒక్కని ప్రతిభ మాత్రమే కాదు. అది మిత్రుల విశ్వాసము కూడ.

ఆ బృందములోని బాపిరాజు 1940 దరిమిలా మన హైదరాబాదునకు వచ్చి, 'మీజాన్' తెలుగు దినపత్రికకు సంపాదకుడై పనిచేసెను. 'గోన గన్నారెడ్డి' నవలా రచయితగా మీరాయనను ఎరుగుదురు. కూల్డ్రే చూపించిన అజంతా రంగులను మనసున నింపుకొన్న ఆ శిష్యుడు మన వీథులలో తిరిగెనని తలచినప్పుడు, గోదావరికిని మూసీకిని దూరము తగ్గినట్లు నాకు తోచును.

సెలవులు ముగిసిన పిదప ఆ బాలుని పిలిచి, "బొమ్మలేమైనా వేసితివా?" అని అడిగితిని. వాడు నేల చూచుచు, "ఇప్పుడు గీస్తలేను సార్" అనెను. రామారావు మరణవార్త చదివినప్పటికన్న ఈ మాట వినినప్పుడే నా గుండె ఎక్కువ బరువెక్కెను. రామారావును రోగము ఆపినది. వీనిని ఆపినది నేను.

ఇప్పుడు మా తరగతి వెనుక గోడకు ఒక త్రాడు కట్టితిమి. బాలురు తమ చిత్రములను దానికి వ్రేలాడదీయుచున్నారు. చార్మినారు, గాలిపటములు, బోనాల ఊరేగింపు, నా కండ్లజోడు కూడ అచ్చట వెలసినవి. నడుమ ఒకచోటు మాత్రము ఖాళీగా నుంచితిని. పురానాపూల్ ఇంకను రాలేదు. వాని బల్లపై నేనుంచిన తెల్ల కాగితములును, పెన్సిలును వాడు ఇంటికి తీసికొనిపోయెనని మాత్రము ఎరుగుదును.

ఈ సంచిక వాని చేతికి కూడ అందును. నలుగురి యెదుట చింపితిని గనుక, నలుగురు చదువు చోటనే క్షమాపణ కోరుచున్నాను.