పత్తి కుప్ప పక్కన కెమెర ప్లగ్గు

ఈసారి పంట ముచ్చట కాదు, కెమెరల ముచ్చట. కొంచెం పొడుగున్నది, తీరిక చూసుకొని చదువుండ్రి.

మన మొగుళ్లపల్లి మండలంల ఇప్పుడు ఏ వాడకు పోయినా రెండు మూడు ఇండ్లకు కెమెరలు కనవడుతున్నయి. పెట్టుకోవుడు మంచిదే, నేను కాదనను. పోలీసోళ్లు ‘నేను సైతం’ పేరు మీద ఎన్నో ఏండ్ల సంది చెప్తనే ఉన్నరు. బాయిల కాడ మోటర్ వైర్లు కోసుకపోయేటోళ్లు, ట్రాన్స్‌ఫార్మర్ పలగ్గొట్టి రాగి తీగ ఎత్తుకపోయేటోళ్లు ఉన్న కాలమిది. పిల్లలు హైదరాబాద్‌ల ఉంటే, ఇంటికాడ అమ్మ నాయిన ఎట్లున్నరో ఫోన్ల చూసుకుంటరు. మిర్చి ఆరబోసిన కల్లం కాడ రాత్రి కావలి పండే తిప్పలు కొంత తప్పుతయి.

నా రంది ఒక్కటే. కెమెర ఎంత దూరం కనవడతది, రాత్రిపూట రంగుల్ల వస్తదా, ఎన్ని రోజుల రికార్డు ఉంటది, ఇవన్ని అడుగుతున్నం. దానికి కరెంటు ఏడికెళ్లి ఇస్తున్నవు అని మాత్రం ఎవ్వలు అడుగుతలేరు. బిగించే పిలగాడు నిచ్చెనెక్కి మూల చూస్తడు, స్క్రూలు కొడ్తడు, ఫోన్ల యాప్ ఎక్కిస్తడు. ఆఖరుకు సాయంత్రమైతది, ఇంకో ఊరికి పోవాలె. అప్పుడు ఏ ప్లగ్గు దగ్గరుంటె దాంట్ల పెట్టి పోతడు.

మొన్న దసరా దాటినంక మా బావమరిది ఇంటికి పోయిన. నడిమి అర్రల పత్తి కుప్ప కిటికీ మందం లేసి ఉన్నది. సీసీఐకి అమ్ముదామంటే తేమ 12 శాతం దాటొద్దు, యాప్‌ల స్లాట్ దొరకాలె. అప్పటిదాక పత్తి ఇంట్లనే కదా. ఆ కుప్ప మీదికి గోడకు మొల కొట్టి ఎక్స్‌టెన్షన్ బాక్సు యాలాడదీసిన్రు. దాంట్లనే రెండు కెమెరల అడాప్టర్లు, వైఫై డబ్బా, రికార్డు డబ్బా, ఇంకా ఫోన్ చార్జర్. ఒక అడాప్టర్‌కు పట్టు చాలక సగం బయటికి వచ్చి ఊగులాడుతున్నది. చెయ్యి పెడితే పెనం లెక్క కాలింది. గుంజి చూస్తే పిన్నులు నల్లగైనయి, బాక్సు రంధ్రం సుట్టు ప్లాస్టిక్ కరిగి గోధుమ రంగు తేలింది.

బావమరిది అన్నడు, “అగ్గిపెట్టంత దానికి ఏం కరెంటు గుంజుతది బావ? బోరు మోటరా ఏమన్ననా?”

ఈ మాట నేను శానా మంది నోట విన్న. అందుకే లెక్క చెప్తున్న. ఆయన అన్నది అబద్ధం కాదు. కెమెర అడాప్టర్ మీద 12 వోల్టులు, 1 ఆంపియర్ అని రాసి ఉంటది. అంటే 12 వాట్లు. నాలుగు కెమెరలు, రికార్డు డబ్బా అన్ని కలిపినా ఒక పాత బల్బంత. లోడు ఎక్కువై కాలుడు కాదు ఇది. ప్లగ్గు పట్టు లూజు అయిన కాడ, వైరు మెలేసి టేపు సుట్టిన కాడ, నాసిరకం అడాప్టర్ లోపల, అక్కడక్కడనే వేడి పుడ్తది.

టీవీ మెకానిక్ దగ్గర టంకం పెట్టే సల్ది చూసిన్రు కదా. అది 25 వాట్లది. సీసం కరిగిస్తది, చెయ్యి పెడితే తోలు ఊడి వస్తది. గది గుంజే కరెంటు ఎంతనుకున్నరు? ఆంపియర్‌ల పదో వంతు. మన బోర్డు మీదున్న ఎంసీబీ 16 ఆంపియర్లది. పత్తి కుప్ప మీద అట్లాంటి సల్ది రాత్రంత ఎర్రగ కాలినా ఆ ఎంసీబీకి ఏం తెల్వదు, పడిపోదు. ఎంసీబీ ఉన్నది కదా అని గుండె మీద చెయ్యేసుకొని పండుకునేటోళ్లు ఇది మతికి పెట్టుకోవాలె. లోడు మస్తు ఎక్కువైతేనో, రెండు వైర్లు నేరుగ కలిస్తేనో అది పడ్తది. లూజు కనెక్షన్ దానికి కనవడది. ఇగ పాత ఫ్యూజు కట్టల్ల ఫ్యూజు వైరుకు బదులు మోటరు తీగపోగు రెండు మడతలు చేసి కట్టేటోళ్లకైతే అసలు కావలే లేనట్టు.

“12 వోల్టులే కదా, షాక్ కొట్టది” అని ఇంకొకరంటరు. నిజమే, షాక్ కొట్టది. మన ట్రాక్టర్ బ్యాటరీ గూడ 12 వోల్టులే. దాని మీద పానా అడ్డం పడితే ఏమైతదో మనకు ఎరికే, మెరుపు లెక్క మెరిసి పానా అతుక్కపోతది. నాలుగైదు కెమెరలకు కలిపి పెట్టే పెద్ద సప్లై డబ్బా 10 ఆంపియర్లది ఉంటది. దాని సన్న వైరును ఎలుక కొరికి రెండు పోగులు తగిలినయనుకో, ఆ వేడికి వైరు మీది తోలు కరుగుతది. పత్తి ఉన్న ఇంట్ల ఎలుకలు ఉండవని ఎవరన్న చెప్తరా? బయట వైర్లకు కోతులొకటి. మా వాడల ఒక కెమెరను మూడుసార్లు గుంజినయి. దొంగల సంగతేమో గని కోతులైతే మంచిగ రికార్డు అయినయి.

ఇంకోటి మన ఊర్లల్ల ఉండేది న్యూట్రల్ బాధ. గాలిదుమారం వచ్చినప్పుడు న్యూట్రల్ తీగ తెగితే కొన్ని ఇండ్లల్ల 230 ఉండాల్సిన కాడ 400 దాక ఎగబాకుతది, కొన్ని ఇండ్లల్ల పడిపోతది. బల్బులు ఒక్కపారి తెల్లగ మెరుస్తయి. ఫ్యాన్, టీవీ మనం బంద్ చేస్తం. కెమెర మాత్రం 24 గంటలు ప్లగ్గుల్నే ఉంటది, మనం పొలం కాడున్నా, పెండ్లికి పోయినా. అడాప్టర్ మీద 240 వోల్టుల దాక అని రాసి ఉంటది, 400 వస్తే లోపలి కెపాసిటర్ పగులుతది. బల్బులు అట్ల మెరిస్తే ఏం ఆలోచన చెయ్యకుండ్రి, ముందు మెయిన్ బంద్ చేసి 1912కు ఫోన్ కొట్టుండ్రి.

బావమరిది ఇంట్ల ఆ రోజే పని పెట్టుకున్నం. ఎక్స్‌టెన్షన్ బాక్సు తీసి పారేసినం. వైరింగ్ చేసే పిలగాన్ని పిలిపించి, పత్తి లేని ముందటి అర్రల ఇటుక గోడకు, మనిషి ఎత్తున, కెమెరల కోసమే వేరే సాకెట్లు పెట్టించినం. దానికి 6 ఆంపియర్ల ఎంసీబీ వేరే. లైన్ మొదట్ల 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ గూడ పెట్టించినం, ఎందుకంటే 230 వోల్టుల వైరు నుంచి కరెంటు భూమిల దిగితే అది పడ్తది. లూజు కనెక్షన్‌కు అది గూడ పనికి రాదు, అందుకే మెలికలు లేకుంట వైర్లన్ని స్క్రూ కనెక్టర్లల్ల బిగించి డబ్బాల పెట్టించినం. అడాప్టర్ల మీద గుడ్డ, కవర్ ఏం కప్పలేదు, గాలి తగలాలె. వాన పడ్తదని చూరు కింద అడాప్టర్‌కు పాలిథిన్ కవర్ కట్టేటోళ్లు ఉన్నరు, లోపల చెమట పట్టి అదే నీళ్లయితది. అడాప్టర్ ఇంట్లుంచి, సన్న వైరే బయటికి తీసుడు మేలు.

అడాప్టర్ కొనేటప్పుడు దాని మీద బీఐఎస్ గుర్తు, ‘ఆర్’ అక్షరం, పక్కన అంకెలు ఉన్నయా చూడుండ్రి. ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌ల కొడితే ఎవరు తయారు చేసిన్రో తెలుస్తది. దొంగ గుర్తయితే అక్కడ్నే బయటపడ్తది. విత్తనాల ప్యాకెట్ తిప్పి తిప్పి చూసేటోళ్లం, ఇది చూసుడు ఎంతసేపు?

బాయి కాడ సోలార్ కెమెర పెట్టుకునేటోళ్లు దాని బ్యాటరీ సంగతి మరువకుండ్రి. లోపల ఉండేది లిథియం బ్యాటరీ. దానితో వచ్చిన చార్జరే వాడాలె, ఉబ్బితే వాడొద్దు, ఇప్పి చూడొద్దు. 2022 సెప్టెంబర్ 12న సికింద్రాబాద్ రూబీ హోటల్ కాలి 8 మంది పోయిన్రు, కింద కరెంటు బండ్ల షోరూం ఉండె. మరుసటేడు మార్చి 16న అదే సికింద్రాబాద్‌ల స్వప్నలోక్ కాంప్లెక్స్ కాలింది. ఆరుగురు పోయిన్రు, అందరు చిన్న వయసు పిల్లలే, మన వరంగల్, మహబూబాబాద్ దిక్కు నుంచి కొలువుకు పోయినోళ్లు ఉన్నరు వాళ్లల్ల. మంట తగలక ముందే పొగకు ఊపిరాడక పోయిన్రు. పత్తి ఉన్న అర్ర పక్కనే మన ముసలోళ్లు పండుకుంటరు, అందుకే చెప్తున్న.

ఒకవేళ అంటుకుంటె కరెంటు ఉండంగ నీళ్లు పొయ్యొద్దు. మెయిన్ తీసి, ఇంట్లోళ్లను బయటికి పంపి, 101కు ఫోన్ చెయ్యాలె. పరకాల నుంచో భూపాలపల్లి నుంచో బండి రావాలె, అందాక చిన్న మంటయితే మట్టి, ఇసుక కొట్టుండ్రి. పత్తి మంట మీద ఆరినట్టు కనవడ్తది గని లోపల నిప్పు పాకుతనే ఉంటది. కుప్పను కొద్దికొద్దిగ బయటికి గుంజి తడపాలె, రాత్రంత ఒకరు కనిపెట్టుకొని ఉండాలె. పొగ నిండిన అర్రల మాత్రం పత్తి కోసం జొరబడొద్దు. 2025-26ల క్వింటాలుకు ఉండిన 8,110 మద్దతు ధర లెక్కన 30 క్వింటాళ్లంటే రెండు లక్షల నలభై మూడు వేలు, నాకు ఎరికే. అయినా జొరబడొద్దు.

ఇంకొక్క ముచ్చట. మా వాడకట్టోళ్లం తలా ఇంత వేసుకొని మూలమలుపు కాడ పెట్టుకున్న కెమెర ఉన్నది. దానికి కరెంటు పక్కింటి పశువుల కొట్టం నుంచి పోతున్నది, వైరు గడ్డివాము మీదికెళ్లి దిగుతది. కెమెర అందరిది, వైరు ఎవలిది అంటే ఎవ్వలు పలుకరు. ఆదివారం పొద్దుగాల ఆరింటికి వస్తమన్నోళ్లు నలుగురున్నరు, వాము దాటిచ్చి కొత్త వైరు లాగాలె. పొడుగు నిచ్చెన ఎవరికాడన్న ఉంటె చెప్పుండ్రి.