గోప్యత అనే ఒక్క వాక్యం

పరిశోధనా పద్ధతుల గురించి రాసేటప్పుడు మనమందరం ఒక వాక్యం రాస్తాం: ‘గోప్యత కోసం పేర్లు, ఊళ్లు మార్చాను.’ మార్చకముందు ఆ పేర్లు, ఆ గొంతులు ఎక్కడున్నాయని ఎవరూ అడగరు. నావి లాప్‌టాప్‌లో ఉండేవి.

కర్నూలు, కడప జిల్లాల్లో ఫ్యాక్షన్ కక్షలకు భర్తల్ని పోగొట్టుకున్న స్త్రీల మాటలవి. ఎవరు చంపారో, ఎవరు రాజీకి ఒత్తిడి చేశారో పేర్లతో సహా చెప్పారు. కర్నూలు నుంచి కడపకు వస్తుంటే ఆళ్లగడ్డ దగ్గర బస్సులో నా సంచి పోయింది. ఫిర్యాదు రాసుకున్నాయన లాప్‌టాప్ ఖరీదు అడిగాడు. ఒక పెద్దామె మాత్రం, “పాపా, నా మాటలు వాడు ఇంటాడా?” అని అడిగింది.

వినలేడని చెప్పగలిగాను. మామూలు లాగిన్ పాస్‌వర్డ్ వాకిలి గడియలాంటిది. డిస్కు ఊడదీసి ఇంకో కంప్యూటర్‌కు తగిలిస్తే అన్నీ కనబడతాయి. డిస్కు మొత్తాన్ని ఎన్‌క్రిప్ట్ చేస్తే, ఊడదీసినా దొరికేది అర్థంలేని అంకెలే. 128 బిట్ల తాళంచెవికి ఎన్ని అమరికలు సాధ్యమో రాయాలంటే 39 అంకెలు కావాలి. అయితే పాస్‌వర్డ్ పిల్లల పేరో పుట్టినరోజో అయితే ఆ లెక్కంతా వృథా. లాప్‌టాప్‌ను పూర్తిగా ఆపకుండా మూత మాత్రం వేస్తే, తాళంచెవి దాని జ్ఞాపకంలోనే ఉంటుంది. కరెంటు తీసేశాక కూడా అది కొన్ని క్షణాలు చెరిగిపోదని, చల్లబరిస్తే ఇంకాసేపు నిలుస్తుందని 2008లో ప్రిన్స్‌టన్ పరిశోధకులు చూపించారు. నాది పూర్తిగా ఆపి ఉంది.

కానీ ఈ తాళం దొంగను ఆపుతుంది, అధికారంతో అడిగేవాళ్లను కాదు. నేర పరిశోధన కోసం డేటాను విప్పి చూపించమని ఆదేశించే వీలు 2000 నాటి ఐటీ చట్టం 69వ సెక్షన్‌లో ఉంది. సహకరించకపోతే ఏడేళ్ల వరకు జైలు. ఇక ఇళ్లలో అయితే ఏ సెక్షనూ అక్కర్లేదు. ‘దాచుకోవడానికేముంది?’ అన్న ఒక్క ప్రశ్నకే ఎందరో ఆడవాళ్లు పాస్‌వర్డ్ చెప్పేస్తారు. స్త్రీకి రహస్యం ఉండటమే తప్పయిన చోట గణితం ఏం కాపాడుతుంది?

అందుకే ఇప్పుడు పేర్ల జాబితాను, గొంతుల్ని వేర్వేరు చోట్ల ఉంచుతున్నాను. రికార్డర్ నొక్కేముందు ఎదుటి మనిషికి రెండు సంగతులూ చెబుతున్నాను: దొంగ వినలేడు, ప్రభుత్వం అడగొచ్చు. అది విన్నాక ఒకామె మాట్లాడనంది. ఇంకొకామె కొంగు సర్దుకుని, “రాసుకో” అంది. ఆ రెండు జవాబులకూ మన పద్ధతుల అధ్యాయంలో చోటుండాలి.