బట్టల కవ్వం

మా ఊరి ఇంటి పెరట్లో, నూతిగట్టును ఆనుకొని, ఒక నల్లరాతి బండ ఉంది. చుట్టూ గరుకుగా ఉండే ఆ రాయి నడిమధ్య మాత్రం జానెడు మేర అద్దంలా నున్నగా ఉంటుంది. ఆ నునుపు రాతికి పుట్టుకతోనే వచ్చిందని చిన్నతనంలో అనుకొనేవాణ్ణి. అది నలభయ్యేళ్ళపాటు అమ్మ చేతి బాదుడుకు వచ్చిన నునుపని గ్రహించేసరికి ఆమె కుడి మణికట్టు వాచిపోయింది.

బట్టలుతకడమంటే ఒక పని కాదు, పనుల వరుస. రాత్రే నానబెట్టాలి. దుప్పట్లయితే చాకలిసోడా వేసి ఉడకబెట్టాలి. తెల్లవారకముందే నీళ్ళు తోడాలి. కాలర్లకూ చీర కుచ్చిళ్ళకూ బార్ సబ్బు రుద్దాలి, బండకేసి బాదాలి, రెండుమూడు నీళ్ళలో జాడించాలి, పిండాలి, తెల్లబట్టలకు నీలిమందు పెట్టాలి, దండెం మీద ఆరవేయాలి. పదిహేను లీటర్ల బకెట్టు నీళ్ళంటే పదిహేను కిలోల బరువు. మా ఆరుగురి బట్టలకూ పూటకు పది బకెట్లయినా పట్టేవి. ఈ లెక్క నేను వేసింది ఇటీవలే. ఆ నీళ్ళు తోడినన్నాళ్ళూ అమ్మ ఏ లెక్కా వేయలేదు.

నేను చదివినది మెకానికల్ ఇంజనీరింగు. హాస్టలు నుంచి సెలవులకు వచ్చేటప్పుడు ఒక సంచిలో పుస్తకాలు, రెండో సంచిలో మాసిన బట్టలు తెచ్చేవాణ్ణి. అరుగు మీద కూర్చొని కప్పీలూ గేర్లూ బొమ్మలు గీస్తూ, ఏ పిడి ఎంత పొడవుంటే ఎంత బలం ఆదా అవుతుందో లెక్కలు కట్టేవాణ్ణి. పెరట్లోంచి బండ చప్పుడు వినిపిస్తూనే ఉండేది. ఆ చప్పుడు నా లెక్కల్లోకి ఎన్నడూ రాలేదు.

మణికట్టు చూసిన వైద్యుడు ఇక బట్టలు బాదవద్దన్నాడు, పిండవద్దన్నాడు. కరెంటు మెషీను కొనిస్తానన్నాను. అమ్మ ఒప్పుకోలేదు.

"ఇద్దరు మనుషులకి అంత మెషీనెందుకురా? దానికి ధారగా నీళ్ళు కావాలి, మనకా కుళాయి పూటకో గంట. పాడైతే బాగుచేసేవాడి కోసం టౌనుకి పరిగెత్తాలి."

కరెంటు లేని మార్గమేదైనా ఉందా అని వెతకడం అప్పుడు మొదలుపెట్టాను. ముందుగా కనిపించినది కేరళలో మలప్పురం జిల్లాకు చెందిన రమ్యా జోస్ కథ. తల్లి జబ్బుపడడంతో ఇంటి బట్టల భారం మీదపడిన పద్నాలుగేళ్ళ బాలిక ఆమె. సైకిలు తొక్కినట్లు కాళ్ళతో తొక్కే యంత్రాన్ని ఊహించి, బొమ్మ గీసి, చేయించింది. రేకు పెట్టెలో తీగవల డ్రమ్ము, దానికి పెడళ్ళు. సబ్బునీళ్ళలో కాసేపు నానబెట్టి, కొన్ని నిమిషాలు తొక్కితే బట్టలు శుభ్రపడతాయి. నీళ్ళు వదిలేసి మళ్ళీ వేగంగా తొక్కితే చాలామటుకు ఆరిపోతాయి కూడా. నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ ఆ పనిని గుర్తించి గౌరవించింది.

రెండవది 'దివ్య' కథ. ఇది మనిషి పేరూ, యంత్రం పేరూ కూడా. బ్రిటన్‌కు చెందిన నవ్‌జోత్ సాహ్నీ అనే ఇంజనీరు, వాక్యూమ్ క్లీనర్ల కంపెనీలో ఉద్యోగం చేసినవాడు, మెరుగైన వంటపొయ్యిల పని మీద తమిళనాడులోని కుయిలాపాళయానికి వచ్చాడు. పొరుగింటి ఇల్లాలు రోజూ గంటలకొద్దీ బట్టలుతకడం చూసి, ఆమెకొక చేతి మెషీను చేసిస్తానని మాటిచ్చాడు. 2018లో 'ది వాషింగ్ మెషీన్ ప్రాజెక్ట్' అనే సంస్థను స్థాపించి, చేత్తో తిప్పే ఆ యంత్రానికి ఆమె పేరే పెట్టాడు. 2021లో ఇరాక్‌లోని ఒక నిరాశ్రయుల శిబిరానికి ఆ యంత్రాలు చేరాయి. చేతి ఉతుకుతో పోలిస్తే సమయంలో ముప్పాతిక వంతు, నీళ్ళలో సగం వరకు ఆదా అవుతాయని ఆ సంస్థ చెబుతుంది.

ఒకరు ఆ కష్టాన్ని పడ్డారు, మరొకరు చూశారు. నేను ఇరవయ్యేళ్ళు విన్నాను, అంతే.

ఆ సంక్రాంతికి ఊరు వెళ్ళినప్పుడు అటకమీది పెయింటు డబ్బా దించాను. ఇరవై లీటర్లది, మూత గట్టిది. మూత మధ్య కర్ర పట్టేంత చిల్లి చేశాను. కాల్చిన మేకుతో ఒక ప్లాస్టిక్ గిన్నెకు పన్నెండు చిల్లులు పొడిచి, బోర్లించి, వెదురుకర్ర చివర బోల్టుతో బిగించాను. అంతే యంత్రం. అమ్మ దాన్ని ఎగాదిగా చూసి, "బట్టల కవ్వమా?" అంది. ఆ పేరే నిలిచిపోయింది.

కవ్వమని పేరే గాని, దీన్ని చిలకరు, రోకలిలా పోటు వేస్తారు. గిన్నె కిందికి దిగినప్పుడు సబ్బునీళ్ళు చిల్లుల్లోంచి, బట్ట నేతలోంచి చిమ్ముకొని పోతాయి. పైకి లేచినప్పుడు అదే దారిన వెనక్కి లాగబడతాయి. మురికిని పట్టు విడిపించేది సబ్బు, బయటికి తెచ్చేది నీటి కదలిక. ఎంత ఖరీదైన మెషీనైనా చేసేది ఈ పనే. అరగంట నానబెట్టి, అయిదు నిమిషాలు పోట్లు వేసి, కాసేపు ఆగి మళ్ళీ అయిదు నిమిషాలు వేస్తే చాలు. వంగనక్కరలేదు, పీట మీద కూర్చొని వేయవచ్చు.

నేను ఊహించనిది నాన్నగారి విషయం. ఆయన జన్మలో తడిబట్ట ముట్టి ఎరుగరు. తన అంగవస్త్రమైనా తాను జాడించుకోలేదు. బండ దగ్గర కూర్చోమంటే ఆయనకు నామోషీ. కాని ఇది బండ కాదు, యంత్రం. "ఏదీ, ఇలా తే" అంటూ కర్ర అందుకున్నారు. ఇప్పుడు రోజూ కాఫీ తాగగానే లెక్కపెట్టి నూటఎనిమిది పోట్లు వేస్తున్నారు, మంత్రం లేని జపంలాగ.

దీని గొప్పలు ఎక్కువ చెప్పను. ఇది నీళ్ళు తోడదు, పిండదు, ఆరవేయదు. చొక్కా కాలరును ఇప్పటికీ వేళ్ళతో రుద్దవలసిందే. రెండు చీరలకు మించి వేస్తే కర్ర కదలదు, దుప్పటి అసలే పట్టదు. పిండడానికి చీరకు ఒక కొస నాన్నగారు పట్టుకొని మెలిపెడతారు, రెండో కొసను అమ్మ దండేనికి చుట్టి పట్టుకుంటుంది. మణికట్టు వాపు కొంత తగ్గింది, పూర్తిగా పోలేదు. ఇక పోదని వైద్యుడే చెప్పాడు.

పోయిన నెల వెళ్ళినప్పుడు అమ్మ ఆ డబ్బాను కడిగి బోర్లిస్తూ, తనలో తాను అనుకుంటున్నట్లు అడిగింది.

"ఇందులో ఏముందిరా, డబ్బా, కర్ర, గిన్నె. నువ్వు కాలేజీలో ఉన్నప్పుడు కూడా ఇవన్నీ మనింట్లో ఉన్నాయి కదా?"

ఆ మాటలో నింద లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. ఆ రోజుల్లో నేను గీసిన కాగితాలు ఇంకా అటకమీదే ఉన్నాయి, ఆ పెయింటు డబ్బా పక్కనే ఉండేవి. జవాబు చెప్పలేకపోయాను.

జాడించడానికి ఇంకా రెండు బకెట్లు నీళ్ళు కావాలంది. చేద తీసుకొని నూతి దగ్గరికి వెళ్ళాను.