దాని పని మీద అది పోతోంది

నా సహచరి కన్నుమూసి ఏడాది కావస్తోంది. మూడు సెంట్ల స్థలంలో ఇల్లు పోగా మిగిలిన దొడ్డంతా ఆమెదే. కరివేపాకు, గోంగూర, దొండపాదు, ఓ మూల నందివర్ధనం. బియ్యం కడిగిన నీళ్లు, పుల్లమజ్జిగ కరివేపాకు మొదట్లోకే. పురుగు పడితే వేపగింజల కషాయం చల్లేది. ప్రాణహాని చేయనన్న శీలం ఏమైందని ఆటపట్టిస్తే, "చంపట్లేదు, పొమ్మంటున్నా" అనేది.

పిల్లులు నాలుగు. మెత్తని మట్టి కనిపిస్తే తవ్వేవి. తిట్టేది కాదు, నారు చుట్టూ రేగుకంప పరిచేది. పిల్లి ఎదురైతే అపశకునమన్న పిచ్చి మా పేటలో బాబాసాహెబ్ పటం ఉన్న ఇళ్లలోనూ పోలేదు. ఎవరైనా ఆగిపోతే, "దాని పని మీద అది పోతోంది, మీ పని మీద మీరు పొండి" అని నవ్వేది. మా సభల్లో గంటసేపు చెప్పే ఉపన్యాసాలకంటే ఆ మాటే బాగా పనిచేసిందనుకుంటాను.

ఆమె పోయాక బంధువులు పిండం పెట్టమన్నారు. కాకి ముట్టకపోతే ఆమెకు శాంతి ఉండదన్నారు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో దీక్ష తీసుకున్నాక బాబాసాహెబ్ జనం చేత చేయించిన 22 ప్రతిజ్ఞల్లో శ్రాద్ధం, పిండదానం చేయనన్నదీ ఒకటి. మేమిద్దరం పక్కపక్కన నిలబడి ఆ ప్రతిజ్ఞ చెప్పినవాళ్లం. పెట్టలేదు. త్రిశరణ పంచశీలాలు చెప్పుకున్నాం. మా పెద్దక్క కోపంతో అన్నం తినకుండానే వెళ్లిపోయింది, ఇప్పటికీ మాట్లాడదు.

ఆ సాయంత్రం చేపల తలకాయలు ఉడికించి దొడ్లో పెట్టాను. పిల్లులు మూడే వచ్చాయి. నాలుగోది పదిరోజులకు వచ్చింది, చిక్కిపోయి.

దొండపాదు ఎప్పుడు కత్తిరించాలో పక్కింటావిడ దగ్గర నేర్చుకుంటున్నాను.